కలకత్తా వీధి ఉన్న కరీబియన్ రాజధాని: పోర్ట్ ఆఫ్ స్పెయిన్



ఈ పాఠాన్ని ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ప్రపంచ పటంలో దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరపు అంచున, వెనిజులాకు అతి దగ్గరగా ట్రినిడాడ్ అనే ద్వీపం ఉంది. ట్రినిడాడ్, టొబాగో అనే రెండు ద్వీపాలు కలిసి ఒక దేశం. దాని రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. ఊరి పేరులో స్పెయిన్ ఉంది. కానీ అక్కడి అధికార భాష ఇంగ్లీషు. ఆ నగరంలో సెయింట్ జేమ్స్ అనే పేటకు వెళ్తే కలకత్తా వీధి, పాట్నా వీధి, ఢిల్లీ వీధి, బొంబాయి వీధి, మద్రాసు వీధి కనిపిస్తాయి. మన ఊళ్ల పేర్లు అంత దూరం ఎలా వెళ్లాయి? ఎవరు మోసుకెళ్లారు?

జవాబు కోసం మనం ముందుగా కరీబియన్ సముద్రానికి కాదు, కోల్‌కతాలోని వాట్‌గంజ్‌కు వెళ్లాలి.

వాట్‌గంజ్ ఒడ్డున

వాట్‌గంజ్ అనేది కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, ఖిదిర్‌పూర్ రేవు పక్కన, హుగ్లీ నదికి చేరువలో ఉన్న పాత పేట. 18వ శతాబ్దం చివర్లో కర్నల్ హెన్రీ వాట్సన్ అనే ఈస్టిండియా కంపెనీ ఇంజినీరు ఇక్కడ ఓడలు కట్టే రేవును ఏర్పాటు చేశాడు. ఆయన పేరే ఈ పేటకు మిగిలింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో మొదలైంది. ఈనాటికీ లారీలు, గోదాములు, ఓడరేవు కూలీల ఇళ్లు, టీ కొట్లతో ఆ ప్రాంతం కిటకిటలాడుతూ ఉంటుంది.

కొన్నేళ్ల క్రితం నేను ఆ దారిన నడిచాను. నేను చదివింది, చెప్పింది భౌతికశాస్త్రం. చరిత్ర కోసం వెళ్లలేదు. ఒక సదస్సుకు వెళ్లి, ఖాళీ దొరికిన సాయంత్రం నది చూద్దామని బయలుదేరాను. అక్కడి టీ కొట్టు పెద్దాయన నది వైపు చెయ్యి చూపించి, ఇక్కడినుంచి వెళ్లిన వాళ్ల మునిమనవలు అప్పుడప్పుడు విదేశాలనుంచి వచ్చి, ఆ నీళ్లకు దండం పెట్టి వెళ్తుంటారని చెప్పాడు. ఆ మాట నన్ను ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు. ఈ పాఠం దానినుంచి పుట్టిందే.

19వ శతాబ్దంలో ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్, భవానీపూర్ ప్రాంతాల్లో వలస కూలీల డిపోలు ఉండేవి. ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల పల్లెలనుంచి దళారులు తీసుకొచ్చిన జనాన్ని ఈ డిపోల్లో ఉంచి, వైద్యపరీక్షలు చేసి, ఓడ సిద్ధం కాగానే ఎక్కించేవారు. ఆ వలసల జ్ఞాపకార్థం 2011లో ఖిదిర్‌పూర్ రేవు ప్రాంతంలో ఒక ఫలకాన్ని ఏర్పాటు చేశారు. సూరినామ్‌కు వెళ్లిన వారి గుర్తుగా 2015లో ‘మాయి బాప్’ అనే పేద దంపతుల విగ్రహాన్ని సూరినామ్ ఘాట్ దగ్గర ఆవిష్కరించారు. మూట పట్టుకుని నిలబడ్డ ఆ ఇద్దరిలో మన పల్లెనుంచి పొట్ట చేత పట్టుకుని బయలుదేరిన ఏ కుటుంబాన్నయినా చూసుకోవచ్చు.

కూలీలు ఎందుకు కావలసి వచ్చారు?

ట్రినిడాడ్‌ను 1498లో కొలంబస్ చూశాడు. అప్పటికే అక్కడ మూలవాసులు వేల ఏళ్లుగా ఉంటున్నారు. నేటి రాజధాని ఉన్న చోట కుముకురాపో అనే వారి గ్రామం ఉండేది. ఆ మాటకు బూరుగు చెట్ల చోటు అని అర్థం చెబుతారు. మన తెల్ల బూరుగు చెట్టుకు పుట్టిల్లు కూడా ఆ అమెరికా ఖండపు ఉష్ణమండలమే. 1757లో స్పెయిన్ గవర్నరు తన నివాసాన్ని లోపలి పట్టణమైన సాన్ హోసె నుంచి ఈ సముద్రతీరానికి మార్చాడు. అలా రేవు పల్లె రాజధాని అయింది.

1783లో స్పెయిన్ రాజు ఇచ్చిన ఒక ఉత్తర్వు వల్ల కాథలిక్ మతస్థులైన ఫ్రెంచి భూస్వాములు తమ ఆఫ్రికన్ బానిసలతో సహా ఇక్కడికి తరలివచ్చారు. చెరకు తోటలు పెరిగాయి. 1797లో బ్రిటిష్ సేనలు ద్వీపాన్ని స్వాధీనం చేసుకున్నాయి. చూశారా! పేరు స్పానిష్, భూస్వాములు ఫ్రెంచివారు, పాలన ఇంగ్లీషువారిది, చెమట ఆఫ్రికావాసులది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1834లో అమల్లోకి వచ్చింది. పూర్తి స్వేచ్ఛ 1838 ఆగస్టు 1న లభించింది. స్వేచ్ఛ పొందినవారిలో ఎక్కువమంది పాత యజమానుల తోటల్లో పాత కూలికి పనిచేయడానికి ఇష్టపడలేదు. తోటల యజమానులకు చవకగా, కాలుకదపకుండా పనిచేసే మనుషులు కావాలి. ఇక్కడ మన దేశంలో కరవులు, అప్పులు, పన్నులు పల్లెల్ని పిండుతున్నాయి. అక్కడి అవసరానికీ ఇక్కడి ఆకలికీ మధ్య ఒక ఒప్పంద పత్రం పుట్టింది. ‘అగ్రిమెంట్’ అనే ఇంగ్లీషు మాట కూలీల నోట ‘గిర్మిట్’ అయింది.

ఒప్పందం ఐదేళ్లకు. ట్రినిడాడ్‌లో మగవారికి రోజుకు 25 సెంట్లు కూలి. అనుమతి చీటీ లేకుండా తోట దాటి బయటికి వెళ్తే జరిమానా, లేదా జైలు. దీన్ని బానిసత్వం అనలేం. ఎందుకంటే గడువు ఉంది, కూలి ఉంది. స్వేచ్ఛ అని కూడా అనలేం. ఎందుకంటే పని మానేయడమే నేరం. ఈ రెండింటి మధ్య తేడాను జాగ్రత్తగా చూడటం చరిత్ర విద్యార్థికి అవసరం.

103 రోజుల ప్రయాణం

ట్రినిడాడ్‌కు భారతీయులను తీసుకెళ్లిన మొదటి ఓడ ఫతే అల్ రజాక్. 1845 ఫిబ్రవరి 16న కలకత్తా నుంచి సుమారు 225 మందితో బయలుదేరి మే 30న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. లెక్క వేయండి. 103 రోజులు!

ఇప్పుడు కొంచెం విజ్ఞానశాస్త్రం. అప్పటికి సూయజ్ కాలువ లేదు. అది 1869లో తెరుచుకుంది. ఈ ఓడలకు ఇంజను లేదు. గాలే ఇంధనం. శీతకాలంలో బంగాళాఖాతం మీద ఈశాన్య రుతుపవనాలు వీస్తాయి. అవి తెరచాపలను దక్షిణానికి నెడతాయి. భూమధ్యరేఖ దాటాక ఆగ్నేయ వ్యాపార పవనాలు అందుకుని ఓడను ఆఫ్రికా దిశగా నడిపిస్తాయి. ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి అట్లాంటిక్‌లో ప్రవేశిస్తే, అక్కడి ఆగ్నేయ పవనాలు సెయింట్ హెలీనా ద్వీపం మీదుగా వాయవ్యానికి తోస్తాయి. చివర్లో ఈశాన్య వ్యాపార పవనాలు కరీబియన్ గుమ్మంలోకి చేరుస్తాయి. మీ పాఠ్యపుస్తకంలో బాణం గుర్తులతో గీసిన గాలులు ఇవే. ఆ బాణాల వెంటే మనుషుల తలరాతలు నడిచాయి.

ఆ దారి పొడవు సుమారు 20 వేల కిలోమీటర్లు అనుకుందాం. దాన్ని 103తో భాగిస్తే రోజుకు 194 కిలోమీటర్లు, అంటే గంటకు సుమారు 8 కిలోమీటర్లు. తాపీగా తొక్కే సైకిలు కూడా అంతకన్నా వేగంగా పోతుంది. దాదాపు మూడున్నర నెలలు, కిక్కిరిసిన అరల్లో, ఎవరు ఎవరికి పక్కన పడుకోవాలో ఎంచుకునే వీల్లేకుండా ఉండాలి. ఒకే పొయ్యి మీద వండినది అందరూ తినాలి. కులాల గిరులు ఆ నీటి మీద చాలావరకు చెరిగిపోయాయి. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు ‘జహాజీ భాయి’ అని పిలుచుకున్నారు. తోబుట్టువుల వరస అది. దిగాక కూడా ఆ వరసను తరతరాలు పాటించిన కుటుంబాలు ఉన్నాయి.

1845 నుంచి 1917 వరకు ట్రినిడాడ్‌కు వెళ్లిన భారతీయులు దాదాపు 1,44,000 మంది. 1860ల నుంచి వారిని ముందు తీరానికి దగ్గరలోని నెల్సన్ ద్వీపంలో దించి, ఆరోగ్యం పరీక్షించి, ఆ తర్వాతే తోటలకు పంచేవారు. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో భారత సంతతివారు 35 శాతం. మే 30 అక్కడ జాతీయ సెలవుదినం. దాని పేరు భారతీయుల ఆగమన దినం.

మరి తెలుగువారు?

మీ మనసులో ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. కలకత్తానుంచి వెళ్లినవారిలో అత్యధికులు భోజ్‌పురి, అవధీ మాట్లాడేవారు. అయితే మద్రాసు రేవునుంచి కూడా కొన్ని ఓడలు ట్రినిడాడ్‌కు వెళ్లాయి. వాటిలో తమిళులు, తెలుగువారు ఉన్నారు. అక్కడి జనం వారందరినీ కలిపి ‘మద్రాసీలు’ అన్నారు. పేరులోనే భాష కలిసిపోయింది. భోజ్‌పురి మాటలు ట్రినిడాడ్ ఇంగ్లీషులో, వంటింట్లో, పెళ్లిపాటల్లో ఇంకా మిగిలాయి. తెలుగు మాత్రం అక్కడ వాడుకలో నిలవలేదు.

ఇదే కాలంలో మారిషస్‌కు వెళ్లిన తెలుగువారి కథ వేరు. అక్కడ ఉగాది నేటికీ జాతీయ సెలవుదినం. తెలుగు బడుల్లో బోధిస్తున్నారు. ఎందుకీ తేడా? మారిషస్ దగ్గర, వెళ్లినవారు ఎక్కువ, ఒకచోట గుంపుగా ఉన్నారు, తర్వాత సంఘాలు పెట్టుకున్నారు. ట్రినిడాడ్‌లో తక్కువమంది, వేరువేరు తోటలకు చెదిరిపోయారు. ఒక పిడికెడు ఉప్పును చెంబు నీళ్లలో వేస్తే రుచి తెలుస్తుంది. చెరువులో వేస్తే తెలియదు. ఉప్పు ఎక్కడికీ పోలేదు, పలచబడింది. భాష విషయంలోనూ గాఢత ముఖ్యమే.

నగరంలో చూడవలసినవి

ఇప్పుడు మనం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోకి నడుద్దాం. నగర అక్షాంశం దాదాపు 10.7 డిగ్రీల ఉత్తరం. అంటే మన కేరళలోని త్రిశ్శూర్‌కు ఇంచుమించు సమానం. కొబ్బరి, మామిడి, అరటి చూసి మీకు కొత్త అనిపించదు. జనవరి నుంచి మే వరకు పొడికాలం, జూన్ నుంచి డిసెంబరు వరకు వానకాలం. ట్రినిడాడ్ భూమధ్యరేఖకు దగ్గరగా, మిగతా కరీబియన్ ద్వీపాలకు దక్షిణాన ఉండటంవల్ల పెద్ద తుఫానులు సాధారణంగా దానికి ఉత్తరంగా పోతాయి. మన గడియారానికీ అక్కడి గడియారానికీ తేడా తొమ్మిదిన్నర గంటలు. మనం సాయంత్రం ఆరింటికి దీపం పెట్టేవేళ అక్కడ ఉదయం ఎనిమిదిన్నర.

నగరం నడిబొడ్డున వుడ్‌ఫర్డ్ స్క్వేర్, దాని ఎదురుగా రెడ్ హౌస్ ఉన్నాయి. రెడ్ హౌస్ అంటే పార్లమెంటు భవనం. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి పాత భవనానికి ఎర్రరంగు వేశారు. ఆ పేరే స్థిరపడింది. 1903లో నీటి పన్నులు, నీటి నియంత్రణల మీద ప్రజలు తిరగబడినప్పుడు అది కాలిపోయింది. ఇప్పుడు కనిపించేది 1907లో తెరిచిన భవనం. మరమ్మతుల తర్వాత 2020లో పార్లమెంటు మళ్లీ అక్కడికి చేరింది. 1962 ఆగస్టు 31న ఈ దేశం స్వతంత్రమైంది. 1976లో గణతంత్రమైంది. భారత సంతతికి చెందిన బాసుదేవ్ పాండే 1995లో, కమలా ప్రసాద్ బిస్సేసర్ 2010లోనూ మళ్లీ 2025లోనూ ప్రధానులయ్యారు. తోట దాటడానికి చీటీ అడగవలసి వచ్చిన వారి వంశంలోనే ఇది జరిగింది.

ఉత్తరాన క్వీన్స్ పార్క్ సవానా అనే విశాలమైన పచ్చిక మైదానం. 1817లో ఒక చెరకు తోటను కొని నగరప్రజలకు వదిలేసిన స్థలం ఇది. దాని పడమటి అంచున ఏడు పాత భవనాలు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి క్వీన్స్ రాయల్ కాలేజీ. 2001లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన వి.ఎస్. నైపాల్ చదివింది ఇక్కడే. పక్కనే 1818లో నెలకొల్పిన వృక్షశాస్త్ర ఉద్యానం ఉంది.

క్రికెట్ ప్రియులు క్వీన్స్ పార్క్ ఓవల్ మైదానాన్ని మరచిపోలేరు. వెస్టిండీస్ మీద భారత్ తొలి టెస్టు విజయం 1971 మార్చిలో ఇక్కడే. సునీల్ గవాస్కర్‌కు అదే మొదటి టెస్టు. ఆ జట్టులో వికెట్ కీపర్ పి. కృష్ణమూర్తి, ఆల్‌రౌండర్ అబిద్ అలీ మన హైదరాబాద్ వారే. 1976లో నాలుగో ఇన్నింగ్స్‌లో 400కు పైగా పరుగులు చేసి మళ్లీ ఇక్కడే గెలిచాం. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్, శ్రీలంకల చేతిలో ఓడి ఇంటిదారి పట్టిందీ ఇక్కడే. మైదానం అందరికీ ఒకేలా పాఠం చెబుతుంది!

నూనె పీపా నుంచి సంగీతం

ఈ నగరం ప్రపంచానికి ఇచ్చిన గొప్ప కానుక స్టీల్‌పాన్. దీని వెనుక నిషేధాల కథ ఉంది. ఫ్రెంచి భూస్వాముల విందు వేడుకగా వచ్చిన కార్నివాల్‌ను స్వేచ్ఛ పొందిన ఆఫ్రికావాసులు తమ వీధి పండుగగా మార్చుకున్నారు. 1880లలో ప్రభుత్వం డోళ్ల మోతను అణచివేసింది. వారు వెదురు బొంగులను నేలకు కొట్టి తాళం వేశారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చివరికి చమురు పరిశ్రమ వదిలేసిన 200 లీటర్ల ఇనుప పీపాలు చేతికందాయి. 1930ల చివరినుంచి 1940ల వరకు పేదపేటల కుర్రాళ్లు ఆ పీపా మూతను సుత్తితో లోతుగా వంచి, దానిమీద చిన్నచిన్న గుబ్బలు తీర్చి, ఒక్కో గుబ్బకు ఒక్కో స్వరం పలికించారు. 1951లో వారి బృందం లండన్ వెళ్లి వాయించి వచ్చింది.

శాస్త్రం ఏమిటి? మామూలు డోలు చర్మాన్ని కొడితే పుట్టే ధ్వనుల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 నిష్పత్తుల్లో ఉంటాయి. ఇవి పూర్ణాంకాలు కావు. అందుకే స్వరం స్పష్టంగా వినిపించదు, మోత మాత్రమే వినిపిస్తుంది. స్టీల్‌పాన్ తయారుచేసేవారు గుబ్బ ఆకారాన్ని సుత్తి దెబ్బలతో సరిచేస్తూ, మూలస్వరానికి రెట్టింపు పౌనఃపున్యం కూడా అదే గుబ్బలో పలికేలా చేస్తారు. అప్పుడు మోత స్వరమవుతుంది.

ఇదే రహస్యాన్ని మన మృదంగం ఎప్పుడో కనుక్కుంది. దాని మధ్యలో నల్లని ముద్ద పూయడం వల్ల ధ్వనులు పూర్ణాంక నిష్పత్తుల్లోకి వస్తాయి. దీన్ని శాస్త్రీయంగా వివరించింది సర్ సి.వి. రామన్. విశాఖపట్నంలో బాల్యం గడిపిన రామన్ 1920లో ఈ పరిశోధనను ప్రచురించినప్పుడు పనిచేస్తున్నది కలకత్తాలోనే. ఒకే నగరం ఒక రేవునుంచి కూలీలను పంపింది, ఒక ప్రయోగశాలలో డోలు రహస్యాన్ని విప్పింది.

పీర్లు, డప్పులు, చేమాకు

సెయింట్ జేమ్స్ పేటలో మొహర్రం సమయంలో ‘హోసే’ జరుగుతుంది. వెదురు, రంగు కాగితాలతో కట్టిన ఎత్తయిన తాజియాలను ఊరేగిస్తారు. ముస్లింలతోపాటు హిందువులు, ఆఫ్రికా సంతతివారు కూడా పాల్గొంటారు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ వాయించే ‘తాసా’ వాద్యాన్ని మంట దగ్గర కాచి బిగువు తెస్తారు, అచ్చం మన డప్పును కాచినట్లే. వేడికి చర్మంలో తేమ పోయి బిగుస్తుంది, స్వరం పెరుగుతుంది.

తిండి సంగతి కూడా చెప్పాలి. ‘డబుల్స్’ అంటే రెండు మెత్తని బరాల మధ్య ఉడికించిన సెనగల కూర. వీధి బండ్ల దగ్గర పొద్దున్నే బారులు తీరతారు. ‘కల్లలూ’ అనే వంటకంలో వాడేది మన చేమ ఆకులే. ‘పెలావ్’ మన పులావుకు దూరపు చుట్టం.

నగరానికి దక్షిణంగా కొద్దిదూరంలో కరోనీ చిత్తడి నేలలు ఉన్నాయి. సాయంకాలం వందలాది స్కార్లెట్ ఐబిస్ పక్షులు ఎర్రని మబ్బులా వచ్చి మడ చెట్లమీద వాలతాయి. పిల్లపక్షులు గోధుమరంగులో ఉంటాయి. అవి తినే పీతలు, రొయ్యల్లోని కెరోటినాయిడ్ల వల్ల పెద్దయ్యాక ఎర్రబడతాయి. ఇంకా దక్షిణాన లా బ్రీ దగ్గర సుమారు 40 హెక్టార్ల సహజ తారు సరస్సు ఉంది.

పడమటి తీరంలో వాటర్లూ గ్రామం దగ్గర సముద్రంలో గుడి ఉంది. శివదాస్ సాధు అనే చెరకు కూలీ కంపెనీ భూమిలో గుడి కట్టినందుకు శిక్ష అనుభవించాడు. గుడిని కూల్చేశారు. నేల మీద చోటు లేకపోతే సముద్రం ఎవరి సొత్తూ కాదు కదా అని, సైకిలు మీద రాళ్లు మోసి, నీటిలో గట్టు పోసి, అక్కడ గుడి కట్టాడు. ఏ రాజభవనమూ ఈ ద్వీపం చరిత్రను ఇంత సూటిగా చెప్పదు.

వెళ్లేవారికి ఒక మాట. ప్రయాణికులు సాధారణంగా లండన్ లేదా న్యూయార్క్ మీదుగా పియార్కో విమానాశ్రయానికి చేరతారు. కార్నివాల్ ఫిబ్రవరి లేదా మార్చిలో వస్తుంది. నగరంలో నేరాల సమస్య ఉంది. 2024 డిసెంబరులో అత్యవసర పరిస్థితి కూడా ప్రకటించారు. కాబట్టి బయలుదేరేముందు తాజా సూచనలు, వీసా నిబంధనలు చూసుకోవాలి. రాత్రివేళ తెలియని పేటల్లో ఒంటరిగా తిరగకూడదు.

చివరిగా

ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక పత్రం రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలు లేదా మచ్చలు. యజమాని లెక్క కోసం రాసిన పత్రమది. వెళ్లినవారిలో చాలామందికి చదువు రాదు. గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రాశాడు. ఆ తప్పు అక్షరాలే కొందరికి ఇంటిపేర్లయ్యాయి. అయినా ఈరోజు వారి మునిమనవలు తమ ఊరు కనుక్కోవాలంటే ఆధారం ఆ కాగితమే. అందుకే ట్రినిడాడ్, గయానా, సూరినామ్, ఫిజీలలోని ఒప్పంద కూలీల రికార్డులను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

నదికి దండం పెట్టే ఆ సందర్శకులకు కావలసింది ఒక ఊరిపేరు. మన దగ్గర ఊరిపేరు ఉంది, కానీ దాన్ని చెప్పగల ముసలివారు తగ్గిపోతున్నారు. కాబట్టి విద్యార్థులారా, మీకు రెండు పనులు. మొదటిది, ప్రపంచ పటం మీద కలకత్తా నుంచి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వరకు ఓడ దారిని గాలుల దిశలతో సహా గీయండి. రెండవది, మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారి పక్కన కూర్చుని, మన కుటుంబంలో ఎవరైనా రంగూన్‌కో, మారిషస్‌కో, మలయాకో, దుబాయికో వెళ్లారా అని అడగండి. పేరు, ఊరు, వెళ్లిన ఏడాది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మీ చెవికి వినిపించినట్లు కాదు, వారినే అడిగి సరిచూసుకుని రాయండి.